ఒక బొల్లి మచ్చకు నేను రాసిన రెండు చీటీలు

పల్లెటూరి ఆస్పత్రిలో కొత్తగా చేరబోతున్న కుర్ర డాక్టర్లు ఎవరైనా ఇది చదివితే చదవండి, లేకపోతే లేదు. ఉద్యోగంలో ఎప్పుడు చేరాను, ఏ గ్రేడుకు ఎప్పుడు ఎక్కాను, ఏ దొర నన్ను మెచ్చుకున్నాడు లాంటి సంగతులు ఇందులో ఉండవు. అవి వినీ వినీ మా ఆవిడే విసిగిపోయింది. మా మనవలకు తమిళం తప్ప తెలుగు చదవడం రాదు. ఇంట్లో ఎవరూ చదవరన్న ధైర్యంతోనే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎల్.ఎం.పి. అనే డాక్టరు చదువు చదివి తిరువళ్ళూరులో ఉద్యోగం మొదలుపెట్టాను. తర్వాత తిరుత్తణి రోడ్డు మీద ఒక చిన్న డిస్పెన్సరీలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ ఊరి పేరు రాయను. కనకమ్మ సత్రంలో బస్సు దిగి, పొలాల గట్ల మీద నడిచి రావాల్సిన ఊరు అనుకోండి, చాలు. మనుషుల పేర్లు కూడా మార్చాను, ఎందుకంటే వాళ్ళలో కొందరి బిడ్డలు ఇంకా అక్కడే ఉన్నారు.

కలరా గురించి, మశూచి గురించి, మలేరియా గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాసేది ప్రాణం తీయని జబ్బుల గురించి. చర్మం మీద తెల్లగా మచ్చలు లేచే బొల్లి, పొలుసులు రాలే సోరియాసిస్, అలాంటివి. వీటితో మనిషి ఎనభై ఏళ్ళు బతకొచ్చు. బతకనివ్వని పని చుట్టుపక్కలవాళ్ళు చేస్తారు. దానికి కావలసిన చీటీ డాక్టరు రాసిస్తాడు. నేను రాసిచ్చాను.

గుమ్మం అవతల నిలబెట్టి చూసే వైద్యం

తిరువళ్ళూరులో నా పై డాక్టరు పేరుమోసినవాడు. చెయ్యి మంచిదని జనం చెప్పుకునేవారు. కడుపు కోసి కుట్టడంలో నిజంగానే మంచి చెయ్యి, కాదనను. కానీ ఒంటి మీద మచ్చో పొక్కో ఉన్నవాడు వస్తే గుమ్మం అవతలే నిలబడాలి. ఈయన కుర్చీలోంచి లేవకుండా, కళ్ళద్దాలు కొంచెం పైకెత్తి చూసి ఒక మాట అనేవాడు. గజ్జి, తామర, కుష్టు. ఆయన దగ్గర ఉన్నవి ఆ మూడు మాటలే. దేశంలో ఉన్న చర్మవ్యాధులన్నీ ఆ మూడింట్లో ఇమిడిపోవాలి.

స్టేషను దగ్గర కాఫీ హోటల్లో దోసెలు పోసే సుబ్బయ్య అనే మనిషి ఉండేవాడు. ఆయనకు మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తలలో ఎర్రటి అట్టలు కట్టి, వాటి మీద నుంచి తెల్లటి పొలుసులు రాలేవి. దోసె పెనం ముందు నిలబడి పొలుసులు రాలుస్తుంటే తినేవాళ్ళు ఊరుకుంటారా. హోటలు యజమాని ఆయన్ని ఆస్పత్రికి పంపాడు. మా డాక్టరు కళ్ళద్దాలు ఎత్తి చూసి కుష్టు అన్నాడు. 

మలాం ఇవ్వడానికి నేను వరండాలోకి వెళ్ళి సుబ్బయ్య మోచెయ్యి పట్టుకుని చూశాను. గోటితో గీరితే పొలుసు వెండి పొడిలా రాలింది, కింద సన్నగా నెత్తురు చుక్కలు పొడిచాయి. సూదితో తాకిన ప్రతిచోటా ఆయనకు తెలిసింది. కుష్టు మచ్చకు స్పర్శ ఉండదు కదా. లోపలికి వెళ్ళి, ఇది సోరియాసిస్ అయి ఉంటుందండీ, అంటుకునేది కాదు అన్నాను.

"పుస్తకం నువ్వు చదివినావు నాయనా, రోగుల్ని నేను చూసినాను" అన్నాడాయన. అక్కడితో ఆ సంగతి ముగిసింది. సుబ్బయ్యను పనిలోంచి తీసేశారు. కొన్నాళ్ళకు రైలుకట్ట పక్కన ఎవరివో ఎద్దులు కడుగుతూ కనిపించాడు. నన్ను చూసి నవ్వి, "ఎద్దులు ఏమీ అనుకోవు సార్" అన్నాడు.

ఆ రోజు నేను పెద్ద ప్రతిజ్ఞ చేసుకున్నాను. రోగిని ముట్టుకోకుండా, వెలుతురులో చూడకుండా జబ్బు పేరు చెప్పనని. ఆ ప్రతిజ్ఞ ఆరేడేళ్ళు నిలబెట్టుకున్నాను. తర్వాత పెద్దనాయుడి ఇంట్లో నాకు మెత్తటి కుర్చీ వేశారు.

పెద్దనాయుడి ఇల్లు

అప్పటికి నేను తిరుత్తణి రోడ్డు డిస్పెన్సరీకి వచ్చేశాను. కుష్టు వైద్యం నేర్చుకోవడానికి నన్ను కొన్ని వారాలు పంపారు కూడా. తిరిగి వచ్చిన కొత్తలో నాకు ఎవరిని చూసినా కుష్టే కనిపించేది. కొత్తగా నేర్చుకున్నవాడి కళ్ళు అలాగే ఉంటాయి, మీకూ ఉంటాయి, జాగ్రత్త.

పెద్దనాయుడు ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్న రైతు. చెరుకు, వరి, రెండు ఏతాం బావులు. డిస్పెన్సరీకి కొత్త పెంకులు వేయించింది ఆయనే. ఆయన బండి పంపితే నేను వెళ్ళాను. 

"కోడలికి చేతి మీద ఏందో మచ్చ లేచినాది డాక్టరయ్యా. నెల నుండి చూస్తా ఉండాం. ఇంట్లో పసిబిడ్డ ఉండాది. అదేందో తేల్చేసి పోండి" అన్నాడు.

కోడలి పేరు గోవిందమ్మ. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పాండూరు పిల్ల. ఎనిమిది నెలల ఆడబిడ్డ చంకలో ఉంది, పేరు వల్లెమ్మ. నడిమింట్లో నాకు కుర్చీ వేశారు. నాయుడు పక్కన మంచం మీద కూర్చున్నాడు. ఆయన కొడుకు, అంటే ఆ పిల్ల మొగుడు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గోవిందమ్మ వంటింటి తలుపు చాటున సగం కనబడుతూ నిలబడింది. మచ్చ ముంజేతి మీద ఉంది, రూపాయి బిళ్ళంత, పాలిపోయిన రంగు. ఆ నడిమింట్లో పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాలనిపించేంత మసక. బయట ఎండలోకి రమ్మంటే ఆ మచ్చ సున్నంలా తెల్లగా కనిపించి ఉండేది. కుష్టు మచ్చ అంత తెలుపు ఉండదు. కానీ నాయుడి కోడల్ని వాకిట్లో ఎండలో నిలబెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు.

కుష్టయితే మోచేతి వెనక నరం ఉబ్బుతుంది, తడిమి చూడాలి. పరాయి ఇంటి కోడలి మోచెయ్యి పట్టుకోవడం బాగుండదని మానేశాను. ఇక మిగిలింది స్పర్శ పరీక్ష. రోగి కళ్ళు మూసుకోవాలి, దూది కొసతో మచ్చను తాకాలి, తాకిన చోటును రోగి వేలితో చూపించాలి, లేదా తెలిసిందని చెప్పాలి. నేను తాకకూడదు కాబట్టి దూది చుట్టిన పుల్ల అత్తగారి చేతికి ఇచ్చాను. కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ అడిగాను, "తెలిసిందామ్మా?"

జవాబు లేదు.

"మళ్ళా తాకండి. ఇప్పుడు తెలిసిందా?"

జవాబు లేదు. పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది. ఐదారుసార్లు అడిగాను. చివరకు అత్తగారే, "ఏమీ చెప్పల్యా అయ్యా" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. పిల్ల ఏమీ చెప్పలేదు, నిజమే. ఆ ఇళ్ళలో కోడలు మామ ఎదుట నోరు విప్పదు. వేలు చాపి చూపడం కూడా మర్యాద కాదు. ఇది తెలియని తెల్లదొర ఎవడైనా అయి ఉంటే, ఈ పిల్ల ఎందుకు మాట్లాడదని విసుక్కుని, అందరినీ బయటికి పొమ్మని ఉండేవాడు. నేను అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగాను. మా ఆవిడ మా నాన్న బతికున్నన్నాళ్ళు ఆయన ముందు ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం కావాలా అని అడగాలన్నా గిన్నె చప్పుడు చేసేది. అంతా తెలిసినవాడిని, ఆ పిల్ల మౌనాన్ని స్పర్శ లేకపోవడం అనుకున్నాను. తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో చెంపలు వేడెక్కుతాయి.

చెవితమ్మె గీరి, ఆ రసం గాజు పలక మీద రాసి, కుష్టు క్రిమి ఉందేమోనని మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం ఒకటి మిగిలి ఉంది. మైక్రోస్కోపు నా దగ్గర లేదు, పలక తిరుత్తణికి పంపాలి. అవసరం లేదనుకున్నాను. చీటీ తీసి రాశాను. కుష్టు, తొలి దశ. విడిగా ఉంచాలి. బిడ్డకు పాలు ఇవ్వకూడదు, బిడ్డను ముట్టుకోనివ్వకూడదు. వారం వారం డిస్పెన్సరీకి వచ్చి ఇంజెక్షను వేయించుకోవాలి.

చదివి వినిపించాను. నాయుడు తల ఊపాడు. అత్తగారు ముందుకు వచ్చి బిడ్డను తీసుకోబోతే, గోవిందమ్మ మొదటిసారి తల ఎత్తి నా వంక చూసింది. బిడ్డను ఇచ్చేసింది.

కాంపౌండరు చెప్పిన మాట

ఆ వారంలోనే ఆమెను పుట్టింటికి, పాండూరుకు పంపేశారు. అక్కడ ఆమె అన్న మునస్వామి పెరట్లో ఆమెకు విడిగా ఒక కొట్టం వేశాడు. మంచివాడే, చెల్లెల్ని బయటికి నెట్టలేదు. వారం వారం ఎడ్ల బండి కట్టి ఆమెను మా డిస్పెన్సరీకి తీసుకొచ్చేవాడు. 

ఆ రోజుల్లో కుష్టుకు చాల్‌మూగ్రా నూనె తప్ప మందు లేదు. దాన్ని సూదితో మచ్చలోకే, చర్మం పొరల్లోకి, కొంచెం కొంచెంగా ఎక్కించేవాళ్ళం. మా కాంపౌండరు ఏలుమలై ఆ పని చేసేవాడు. తమిళుడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, నాకన్నా పది రెట్లు ఓపిక. మొదటి వారమే ఆమెను పంపించాక లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నా సార్ ఇది" అన్నాడు. "మచ్చలో సూది గుచ్చితే ఆయమ్మ ఎగిరి పడతా ఉండాది. కుష్టు మచ్చకు నొప్పి ఉంటాదా సార్?"

"లోపల నరానికి తగిలి ఉంటుందయ్యా" అన్నాను. 

"రవికంతా పాలతో తడిసిపోయి ఉండాది సార్. బిడ్డ ఉందంట కద."

"నీ పని నువ్వు చూడు" అన్నాను.

అతను తన పని తాను చూశాడు. నాలుగు నెలలు, వారం వారం. ఆమె ప్రతిసారీ పళ్ళు బిగబట్టేది. రెండుసార్లు సూది వేసిన చోట చీము పట్టింది. ఏలుమలై కట్టు కట్టేవాడు కానీ నాతో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె వచ్చే రోజున మాత్రం నా ముఖం చూసి మాట్లాడేవాడు కాదు. కింది ఉద్యోగి చెప్పిన మాట వినడం ఎంత కష్టమో మీకు తొందర్లోనే తెలుస్తుంది. చదువు తక్కువవాడు, జీతం తక్కువవాడు, కానీ రోగి ఒంటి మీద చెయ్యి వేసేవాడు అతనే.

నాలుగో నెల చివర రెండో చేతి మీద, మెడ మీద కొత్త మచ్చలు లేచాయి. ఆ రోజు ఏలుమలై సెలవులో ఉన్నాడు. సూది నేనే వేయాల్సి వచ్చింది. వెలుతురు చాలక ఆమెను వరండాలో ఎండలో కూర్చోబెట్టాను. మచ్చలు సున్నం పూసినట్టు తెల్లగా మెరిశాయి. మచ్చలో ఉన్న వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. సూది పక్కన పెట్టి, దూది తీసుకుని, కళ్ళు మూసుకోమని తాకాను.

"తెలిసె సార్" అంది.

ఇంకోచోట తాకాను. "తెలిసె." ఇంకోచోట. "ఆడ కూడా తెలిసె." ఇరవైసార్లు తాకి ఉంటాను. ఒక్కసారి కూడా తప్పలేదు. అది బొల్లి. అంటుకోదు, చంపదు, వేళ్ళు రాలవు. బిడ్డకు పాలిస్తే ఏమీ కాదు.

"మరి ఆ రోజు ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మామ ఆడనే కూచోనుండె కద సార్. ఆయన ముందర నేను ఎట్ల నోరు తెరిచేది? నాకు ప్రతిసారీ తెలస్తానే ఉండె. మీకు అర్థమైతాదిలే అనుకుంటి."

రెండో చీటీ

ఆ సాయంత్రమే నాయుడి ఇంటికి పరుగెత్తి, నాది తప్పు అని చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. బిడ్డకు అప్పటికి ఏడాది, ఇంకా తల్లిని మరిచిపోలేదు. నేను ఆ పని చేయకుండా, సలహా కోసం అప్పటి నా పై అధికారి దగ్గరకు వెళ్ళాను, తిరువళ్ళూరు ఆయన కాదు, వేరే ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, అంతా విని, ఒక నవ్వు నవ్వాడు.

"తప్పు రాసినానని చీటీ ఇస్తే రేపటి నుండి నీ మాట ఎవురు నమ్ముతారయ్యా? నయమైపోయింది, సూదులతో మానిపోయిందని రాయి. నీ పేరూ నిలుస్తాది, ఆ పిల్ల కాపురమూ నిలుస్తాది."

ఎంత తెలివైన సలహా. తిరుగు దారంతా నాకు భుజాల మీద నుంచి బరువు దిగిపోయినట్టు అనిపించింది. డిస్పెన్సరీకి రాగానే రాశాను. కుష్టు వ్యాధి చికిత్సతో పూర్తిగా నయమైంది. అంటువ్యాధి లేదు. ఇంట్లో ఉండవచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు. మునస్వామి ఆ చీటీ పట్టుకుని చెల్లెల్ని బండిలో కూర్చోబెట్టుకుని నాయుడి ఊరికి వెళ్ళాడు. బండి వాకిట్లోనే ఆగింది. 

ఆ తర్వాత జరిగింది మునస్వామి నాకు చెప్పాడు. నాయుడు చీటీ చదివించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడట. "కుష్టు వచ్చి పోయినాది అంటా ఉండారు. పోయిందానికి మళ్ళీ వచ్చే దారి తెలీదా అప్పా? మచ్చలు చూడు, మెడ మీదికి ఎక్కినాయి" అన్నాడట. ఆయన అన్నదాంట్లో తప్పేముంది. నయమైందని రాశానంటే, వచ్చిందని నేనే మరోసారి సంతకం పెట్టినట్టు. మొదటి చీటీ తెలియక రాశాను. రెండోది తెలిసి రాశాను. అబద్ధం చిన్నదైతే నష్టం కూడా చిన్నదిగా ఉంటుందనుకోవడం చదువుకున్నవాళ్ళం చేసే పొరపాటు.

ఆ ఏడే నాయుడు కొడుక్కు రెండో పెళ్ళి చేశాడు. అప్పట్లో అడ్డుకునే చట్టం కూడా లేదు.

మూడో మాట

రెండేళ్ళు గడిచాయి. ఆడి కృత్తిక పండక్కి నాయుడి ఇంటివాళ్ళు వల్లెమ్మకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుత్తణి కొండ మీది గుడికి వెళుతున్నారని గోవిందమ్మకు తెలిసింది. దూరం నుంచి చూసుకుందామని ఆమె కూడా వెళ్ళింది. తర్వాత రెండో రోజు ఒంటరిగా మా డిస్పెన్సరీకి వచ్చింది. ముఖం మీద, పెదవుల చుట్టూ మచ్చలు పాకి ఉన్నాయి. 

"మెట్ల పక్కన నిలబడుకోనుంటి సార్" అంది. "పాప గుండు చేయించుకోని మా అత్త చంకలో వచ్చినాది. గంధం పూసినారు తలకి. నన్ను చూసి మా అత్త పాప మొగం అట్ల తిప్పేసినాది. సరే, అనుకుంటి. ఇంతలో ఎవురో నా ముందర కాలణా వేసి పోయినారు సార్. నేను అడుక్కునే కుష్టుదాన్ని అనుకోని."

ఏలుమలై మందుల బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కలుపుతున్న మందు కలపడం ఆపేశాడు.

"నాకు కుష్టు వచ్చినాదా రాలేదా సార్? ఒక మాట చెప్పండి. వచ్చిందంటే ఊరుకుంటాను. పాప తట్టు కూడా చూడను."

"రాలేదమ్మా" అన్నాను. "ఎప్పుడూ రాలేదు. తప్పు నాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "అట్లయితే ఆ మాట వాళ్ళతో చెప్పండి" అంది. 

మర్నాడు నాయుడి ఇంటికి వెళ్ళాను. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. ఆ రోజు ఏం జరిగిందో, కోడలు ఎందుకు మాట్లాడలేదో, నేను ఎందుకు నయమైందని రాశానో మొత్తం చెప్పాను. నాయుడు ఓపిగ్గా విన్నాడు. లోపలికి వెళ్ళి నా చీటీలు రెండూ తెచ్చి మంచం మీద పరిచాడు. 

"మొదట వచ్చినాదంటిరి. మళ్ళ పోయినాదంటిరి. ఇప్పుడు రానే లేదంటా ఉండారు. మూడిట్లో యాది నమ్మేది డాక్టరయ్యా?"

వంటింట్లో రెండో కోడలు ఉంది. మూడేళ్ళ వల్లెమ్మ ఆమె కొంగు పట్టుకుని అమ్మా అమ్మా అని ఏదో అడుగుతోంది.

ఇప్పటివాళ్ళు చెప్పే కారణం

రిటైరయ్యాక ఒక కుర్ర డాక్టరు నాకు చెప్పాడు. బొల్లిలోను, సోరియాసిస్‌లోను ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున సొంత చర్మం మీద పడుతుందేమోనని ఇప్పుడు అనుమానిస్తున్నారట. కీళ్ళు వాచి, చెంపల మీద ఎర్రగా లేచి, ఎండకు వెళితే మంచాన పడే కొందరు ఆడవాళ్ళ జబ్బు సంగతీ అంతేనట. ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు అని నేను అర్థం చేసుకున్నాను. వినడానికి బాగుంది. కారణం తెలిస్తే మందు కూడా వస్తుందేమో, రావాలి. కానీ గోవిందమ్మ విషయంలో చర్మం చేసింది చాలా తక్కువ. రంగు పోగొట్టింది, అంతే. మిగిలినదంతా మేం చేశాం.

మీరు రాసే ప్రతి చీటీ ఒక ఇంట్లో దాచిపెట్టుకుంటారని గుర్తుపెట్టుకోండి. మీరు మరిచిపోయినా వాళ్ళు మరిచిపోరు. తప్పు రాస్తే, తప్పు రాశానని అదే రోజు, అదే అక్షరాలతో రాయండి. మీ పేరు పోతుంది, పోనివ్వండి. నా పేరు చాలా ఏళ్ళు నిలిచింది. దానితో నేను ఏం చేసుకున్నానో నాకే తెలియదు.

పాండూరులో

పూండి దగ్గర ఏటికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులు. ఆ పనికి వెళ్ళే కూలీలకు టీకాలు వేయడానికి నన్ను ఆ వైపుకు పంపారు. ఒకరోజు పాండూరు మునస్వామి వెతుక్కుంటూ వచ్చాడు. 

"పాపను తెచ్చి విడిచిపెట్టేసి పోయినారు సార్" అన్నాడు. "ఏడేండ్లు నిండినాయి దానికి. మోకాలి మీద తెల్ల మచ్చ లేచినాదంట. తల్లి జబ్బు బిడ్డకు వచ్చినాది, ఇంగ తల్లి దగ్గరే ఉండనీ అని, బట్టల మూటతో వాకిట్లో దించేసి బండి తిప్పుకోని పోయినారు."

బొల్లి కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. అది నాకు తెలుసు. బావంచాల నూనె సీసా ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆ నూనె మచ్చకు రాసి కాసేపు ఎండలో కూర్చోబెడితే, మచ్చ చిన్నదీ కొత్తదీ అయితే కొందరికి రంగు తిరిగి వస్తుంది. 

కొట్టం ముందు పాప చాప మీద కూర్చుని ఉంది. పెద్ద కళ్ళు, బిగించి వేసిన రెండు జడలు. గోవిందమ్మ పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు వలిచి గిన్నెలో వేస్తోంది. ముఖం దాదాపు అంతా తెల్లబడింది. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. 

"మొదట రెండు దినాలు నా చేతి అన్నం తినల్యా సార్" అంది గోవిందమ్మ మెల్లగా. "మా అమ్మ దగ్గరికి పోవాల అని ఒకటే ఏడుపు. వాళ్ళమ్మ అంటే ఆ రెండో ఆయమ్మ. నిన్న రాత్రి నిద్దట్లో దొర్లుకుంటా వచ్చి నా మీద చెయ్యి వేసినాది. నేను తెల్లారేదాకా కదల్యా."

పాప మోకాలు చూశాను. చెయ్యి పట్టుకుని, ఎండలో, దూదితో తాకి. కుష్టు కాదు. చింతగింజంత బొల్లి మచ్చ. ఆ సంగతి చెప్పి సంచిలోంచి సీసా తీశాను.

"దీనికి మందుండాదా సార్?" అని అడిగింది గోవిందమ్మ. 

"ఉంది తల్లీ. అందరికీ పనిచేయదు. దీనిది చిన్న మచ్చ, మానినా మానొచ్చు."

"మానితే?"

"మానితే ఏముంది, మంచిదే కదా."

గోవిందమ్మ వలుస్తున్న కాయ గిన్నెలో వేసి, నా చేతిలో సీసా వంక చూసింది. 

"మానితే వాళ్ళు వచ్చి తోలుకోని పోతారు సార్" అంది. "మందు వద్దు."

ఆమె ముఖంలో సిగ్గు లేదు, కోపం లేదు. ఆరేళ్ళకు పైగా నేను ఇప్పించలేని బిడ్డను ఆ చింతగింజంత మచ్చ ఇప్పించింది. దాన్ని మాన్పిస్తానని నేను ఏ ముఖం పెట్టుకుని వాదించను. సీసా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. మునస్వామి నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు.

చాలా దూరం వెళ్ళాక నాకు తట్టింది. మోకాలు పాపది, మచ్చ పాపది. రేపు దాన్ని పట్టుకుని లోకం ఎన్ని మాటలంటుందో అవన్నీ పడాల్సింది పాప. మందు కావాలా వద్దా అని తేల్చుకున్నది మాత్రం మేమిద్దరం. ఏడేళ్ళ పిల్ల, మాటలు బాగా వచ్చిన పిల్ల, మా ఇద్దరి ముఖాలూ చూస్తూ నోరు మూసుకుని అక్కడే కూర్చుని ఉంది. నేను ఆ రోజు కూడా అడగలేదు.